సామేలు పత్రానికి పూర్వపక్షం

జూలై 28, 1968. ఆదివారం

సిగరెట్లు మానేద్దామని ఈ డైరీ కొన్నాను. చెయ్యి ఊరికే ఉండలేకపోతే రాస్తూ కూర్చోవచ్చు. ఎవరికీ చూపించను కాబట్టి ఇందులో నేను మంచివాడిలా కనబడాల్సిన పని లేదు. మంచివాణ్నే, అది వేరే సంగతి.

నిన్న సుందరరావుగారు నన్నూ సామేలునూ తన గదికి పిలిచారు. ఫిలాసఫీ డిపార్ట్‌మెంటుకు ఒక లెక్చరర్ పోస్టు వచ్చింది. ఒక్కటే. నేను రీసెర్చికి చేరి నాలుగో ఏడు నడుస్తోంది. సామేలు నిన్నగాక మొన్న చేరాడు. అయినా సారు ఇద్దర్నీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి, ఇద్దరికీ కలిపి ఒకే గొంతుతో చెప్పారు.

"ఏమయ్యా బుచ్చిరాములూ, సెలక్షన్‌కి బయటి నుంచి ఒక పెద్దాయన వస్తున్నారు. రెండు శనివారాలు మన సభలో కూర్చుంటారు. పదిహేడున నువ్వు నీ పత్రం చదువు. ఇరవై నాలుగున సామేలు చదువుతాడు. నీ పత్రాన్ని కాదనే పూర్వపక్షం అతను, అతని పత్రానికి నువ్వు. ఇంటర్వ్యూ అంటే అదే అనుకోండి."

బయటికి రాగానే సామేలు నా భుజం మీద చెయ్యి వేశాడు. "అన్నా, ఎవరికొచ్చినా మన గదికే గదా వచ్చేది" అన్నాడు. నేను నవ్వాను. అసలు ఆ మాట నేను అనాల్సింది. పెద్దవాణ్ని నేను. నాకు తోచేలోపు వాడు అనేశాడు.

నాకు అసూయ ఏమీ లేదు. వాడు చాలా తెలివైనవాడు, ఆ సంగతి డిపార్ట్‌మెంటులో అందరికంటే ముందు చెప్పింది నేనే.

జూలై 30

తాగాను. ఒకటో తారీఖు నుంచి మానేస్తాను.

ఆగస్టు 1

ఒకటో తారీఖు గురువారం నాడు వచ్చింది. ఏ పనైనా సోమవారం మొదలుపెడితే నిలుస్తుంది.

ఆగస్టు 4, ఆదివారం

ఈ తార్నాక గది నాది. సామేలును ఇక్కడికి తెచ్చింది నేను. కింద ఉండే ఇంటామె లింగమ్మత్త మొదట ఒప్పుకోలేదు. "కిరస్తానపోళ్ల పిలగాడా? మా బాయి కాడికి వస్తడా?" అని అడిగింది. నేను ఆమె వాకిట్లో కూర్చుని, కాలం మారిందని, యూనివర్సిటీలో చదువుకునేవాళ్ల మధ్య ఇవన్నీ ఉండవని, వాడికి నేను పూచీ అని నోరు నొప్పి పుట్టేదాకా చెప్పి ఒప్పించాను. ఆ రోజు నాకు నా మీద నాకే ఎంత గౌరవం కలిగిందో.

ఇవాళ మధ్యాహ్నం లింగమ్మత్త వేడివేడి సర్వపిండి పళ్లెంలో పెట్టుకుని మెట్లెక్కి వచ్చింది. "సామేలేడి బిడ్డా? వేడిది తింటడని తెచ్చిన" అంది. నేను ఆమె ఎదురుగానే కుర్చీలో ఉన్నాను. పళ్లెం బల్ల మీద పెట్టి, మెట్ల దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, "నువ్వు గూడ తిను" అంది.

తినలేదు. తర్వాత తిన్నాను, ఆకలేసింది.

వాణ్ని ఈ ఇంట్లోకి తెచ్చానన్న గర్వం ఉన్నన్నాళ్లూ వాడంటే నాకు ప్రాణం. ఈ వాక్యం గురించి ఇంకా ఆలోచించాలి. ఇప్పుడు కాదు, పత్రం పని ఉంది.

ఆగస్టు 7

విశాలాక్షి ఇవాళ లైబ్రరీలో నా పక్క కుర్చీలో కూర్చుంది. ఆమె ఈ ఏడే రీసెర్చికి చేరింది, బౌద్ధనగర్ నుంచి రోజూ బస్సులో వస్తుంది. చాలాసేపు మాట్లాడింది. అన్నీ సామేలు గురించే. వాళ్ల ఊరు ఎక్కడ, అంత బాగా ఎక్కడ చదువుకున్నాడు, ఎప్పుడూ ఆ నవ్వు ముఖమేనా. నాకు తెలిసినవన్నీ చెప్పాను. మంచివే చెప్పాను. ఒక్కటి మాత్రం, వాడికి కొంచెం తొందరపాటు ఎక్కువ అని చెప్పాను. అది నిజమే కదా.

ఆగస్టు 11, ఆదివారం

ఇవాళ నా పత్రం గదిలో సామేలుకు చదివి వినిపించాను. పూర్వపక్షం చేసేవాడికి ముందే వినిపించడం మాలో మామూలే.

నాలుగేళ్లుగా నేను చెబుతున్నది ఒక్కటే. తెలిసి ఎవడూ తప్పు చేయడు. తప్పు చేసే క్షణంలో ఆ మనిషికి అదే మంచిదనిపిస్తుంది. కోరిక వచ్చి తెలివిని కప్పేస్తుంది. కాబట్టి మనసు బలహీనమైంది అనే మాటకు అర్థం లేదు, ఉన్నది అజ్ఞానం మాత్రమే. సామేలు దీనికి పూర్తిగా ఎదురు. మనిషి తెలిసే తప్పు చేస్తాడు, పూర్తిగా తెలిసే చేస్తాడు అని వాడి థీసిస్. ఒకే గదిలో రెండు మతాలు అని సారు నవ్వుతుంటారు.

వాడు స్టవ్ మీద చాయ్ పెట్టి, చివరిదాకా విన్నాడు.

"మస్తుగున్నది అన్నా. గని ఒక్క కాడ పట్టుకుంటరు నిన్ను."

"ఏడ?"

"నువ్వు సిగరెట్ డబ్బా నా చేతికిచ్చి, పొద్దుగూకే దాక అడిగినా ఇయ్యకు అంటవ్ గదా. నడుమ అడుగుతవని నీకు ముందే ఎరుక. ముందే ఎరుకైనోడు గా గడియకు ఏం తెల్వనోడు ఎట్లయితడు?"

నాలుగేళ్లలో నాకు ఎప్పుడూ తట్టని ప్రశ్న.

"సభల నేను గిదే అడగాలె. అందుకే ముందుగాల చెప్తున్న, జవాబు తయారు చేసుకో. ముందు తెలుసుడు వేరు, గా గడియకు తెలుసుడు వేరు అని రెంటిని విడదీస్తే నిలవడ్తవ్."

ప్రశ్న వాడే చెప్పాడు, జవాబూ వాడే చెప్పాడు. "అది నాకు ఎప్పుడో తోచింది, రాస్త అనుకుంటున్న" అన్నాను. వాడు నమ్మాడు. లేదా నమ్మినట్టు తల ఊపాడు. ఏదైనా నాకు ఒకటే చిరాకు.

ఆగస్టు 12

ఆ భాగం తిరగరాశాను. ఇప్పుడు పత్రంలో అన్నిటికంటే గట్టిగా ఉన్న పేజీ అదే. చదివినప్పుడల్లా బాగుందనిపిస్తుంది, వెంటనే ఎవరిదో గుర్తొస్తుంది. వాడికి థాంక్స్ చెప్పాలి. సందర్భం రాలేదు.

ఆగస్టు 15

ఆర్ట్స్ కాలేజీ ముందు జెండా ఎగరేశారు. మిఠాయి పంచారు. విశాలాక్షి తన లడ్డూలో సగం సామేలుకు ఇచ్చింది. వాడు నా దగ్గరికి వచ్చి ఆ సగంలో సగం నాకిచ్చాడు. పారేద్దామనుకున్నాను. అందరూ చూస్తున్నారు, నోట్లో వేసుకున్నాను.

సోమవారం నుంచి మానిన సిగరెట్లు ఇవాళ మళ్లీ. సెలవు రోజు లెక్కలోకి రాదు.

ఆగస్టు 17, శనివారం

నా పత్రం అయిపోయింది. చాలా బాగా జరిగిందని అందరూ అన్నారు. అయినా నా ఒళ్లంతా మండిపోతోంది.

సారు పెట్టిన శనివారం సభకు ఒక పద్ధతి ఉంది. మాటలన్నీ తెలుగులోనే జరగాలి. పత్రం చదివాక పూర్వపక్షం చేసేవాడు లేచి, విమర్శ మొదలుపెట్టే ముందు, చదివినవాడి వాదం తన సొంత వాదమన్నట్టు చెప్పాలి. బలహీనంగా ఉన్నచోట బలపరిచి మరీ చెప్పాలి. చదివినవాడు అది విని, "ఔను, ఇదే నా మాట" అనాలి. అనేదాకా విమర్శకు అనుమతి లేదు. ఎదుటివాడి మాట సరిగా చెప్పలేనివాడికి కాదనే హక్కు లేదంటారు సారు. ఈ పద్ధతిలో నన్ను మించినవాడు లేడని నాలుగేళ్లుగా పేరు.

ఇవాళ సామేలు లేచి నా వాదం చెప్పాడు. నాకంటే బాగా చెప్పాడు. నేను రెండు పేజీల్లో తడుముకున్నది వాడు రెండు మాటల్లో చెప్పాడు. నేను "ఔను, ఇదే నా మాట" అన్నాను. నిజానికి నా మాట అంత బాగుంటుందని అప్పుడే నాకు తెలిసింది. తర్వాత వాడు సిగరెట్ డబ్బా ప్రశ్న అడిగాడు. నేను తయారుగా ఉన్న జవాబు చెప్పాను. సభలో బల్లలు చరిచారు.

అయిపోయాక బయటి నుంచి వచ్చిన పెద్దాయన నా చెయ్యి పట్టుకుని "మంచి పత్రం" అన్నారు. ఆ చెయ్యి వదలకుండానే సారు వైపు తిరిగి, "ఆ కుర్రవాడు ఇతని మాట ఎంత చక్కగా చెప్పాడండీ!" అన్నారు. నా రోజున, నా చెయ్యి పట్టుకుని.

వాణ్ని అసహ్యించుకోవడానికి ఒక్క కారణం దొరికితే ఎంత హాయిగా ఉండేది. వెతుకుతున్నాను.

ఆగస్టు 18, ఆదివారం

సామేలు చర్చి నుంచి వచ్చి, తన పత్రం నాకు చదివి వినిపించాడు.

వాడి ఉదాహరణ వాళ్ల మేనమామ రాజన్న. ఆ మనిషి ప్రతి ఆదివారం చర్చిలో నిలబడి కల్లు ముట్టనని ఒట్టు పెట్టుకుంటాడు. సోమవారం తాగుతాడు. మంగళవారం భార్య కాళ్ల దగ్గర కూర్చుని ఏడుస్తాడు. "గా ఏడుపే సాక్ష్యం అన్నా. తెల్వక చేసినోడు ఎందుకేడుస్తడు? ఏడ్సిండంటే, తాగేటప్పుడు గూడ తప్పని ఎరుకే" అన్నాడు. పత్రం మొత్తం ఆ ఏడుపు మీద నిలబడి ఉంది. మిగతాదంతా అద్భుతం.

వింటూ ఉండగానే నాకు కనబడింది. ఏడుపు మంగళవారంది. తప్పు సోమవారంది. మంగళవారం ఏడ్చాడంటే మంగళవారం తెలిసిందని అర్థం. సోమవారం కూడా తెలుసని దానివల్ల ఎలా తేలుతుంది? ఆ ఒక్క మాట అంటే చాలు, పత్రం మొత్తం కూలిపోతుంది.

"ఎట్లున్నది అన్నా?" అన్నాడు.

"బాగున్నది" అన్నాను.

"ఏడన్న పట్టుకుంటరా?"

"చూడాలె. జర టైం ఇయ్యి."

రేపు చెబుతాను. ఇంకా ఆరు రోజులుంది, తొందరేముంది. నాకు కూడా ఇంకోసారి ఆలోచించుకోవాలని ఉంది, ఒకవేళ నేనే పొరబడ్డానేమో.

పొరబడలేదు.

ఆగస్టు 19, సోమవారం

దారిలో చెబుదామనుకున్నాను. రోజూ ఇద్దరం కలిసే తార్నాక రోడ్డు మీదుగా క్యాంపస్‌కు నడుస్తాం. ఇవాళ నాకు పొద్దున్నే లైబ్రరీలో పని గుర్తొచ్చి, వాడు స్నానం చేస్తుండగానే బయల్దేరాను. రోడ్డు మీద బురదగా ఉందని మాణికేశ్వర్ నగర్ వైపు నుంచి చుట్టూ తిరిగి వెళ్లాను. అక్కడ ఇంకా బురదగా ఉంది.

నడుస్తూ ఆలోచించాను. పూర్వపక్షం చేసేవాడి ధర్మం ఏమిటి? తన విమర్శ సభలో చెప్పడం. గదిలో ముందే చెప్పేస్తే సభ దేనికి? అది నాటకమే కదా. సారు పెట్టిన పద్ధతికి అది ద్రోహం. మొన్న సామేలు నాకు చెప్పడం స్నేహం కావచ్చు, కాని కచ్చితంగా చూస్తే అది తప్పే. వాడు తప్పు చేశాడని నేను కూడా చేయాలా?

ఇలా స్పష్టంగా తేలాక మనసు తేలికపడింది. సిగరెట్ తాగాను.

ఆగస్టు 20

చెప్పలేదు. వాడు చదువుకుంటున్నాడు, కదిలించడం ఎందుకని.

ఈ చుట్టుదారి నాకు అలవాటైపోతోంది. నడక ఆరోగ్యానికి మంచిది. ఇవాళ రైల్వే గేటు దగ్గర మా డిపార్ట్‌మెంటు అటెండర్ ఎదురై నమస్తే అన్నాడు. "గీ దిక్కు చిన్న పని ఉండె" అన్నాను. అతను ఏమీ అడగలేదు.

ఆగస్టు 21

సామేలుతో గొడవ. కూరలో ఉప్పు ఎక్కువ వేశాడని. నోటికొచ్చినట్టు అన్నాను. ఉప్పు ఎంత వెయ్యాలో తెలియదుగాని లోకంలో మంచిచెడ్డలు చెబుతాడట అన్నాను. వాడు నా ముఖం చూసి, "పరేషాన్‌ల ఉన్నవ్ అన్నా" అని, నా అన్నం తీసి మజ్జిగ పోసి పెట్టాడు.

ఉప్పు ఎక్కువ కాలేదు.

ఆగస్టు 22

విశాలాక్షి నన్ను లైబ్రరీ మెట్ల మీద ఆపింది. "బుచ్చిరాములుగారూ, ఈ మధ్య మీరు పొద్దున్నే వచ్చి కూర్చుంటున్నరు. సామేలు ఒక్కడే వస్తుండు. కొట్లాడిండ్రా?"

"లేదే! పని ఎక్కువున్నది."

"ఆయన శనివారం గురించి జరంత గూడ ఫికర్ చేస్తలేడు. ‘మా బుచ్చిరాములన్న చూసిండు, తప్పుంటే చెప్తుండె గదా’ అంటుండు."

అలాగా అన్నాను. చాలాసేపు ఒకే పేజీ తెరిచిపెట్టుకుని కూర్చున్నాను.

వాడు అంత నమ్మడం కూడా ఒక రకం ఒత్తిడి. ఎవరు నమ్మమన్నారు? ఇవాళ సాయంత్రం తప్పకుండా చెబుతాను.

సాయంత్రం గదికి వెళ్లేసరికి వాడు నన్ను చూసి లేచి, "అన్నా, పత్రం గురించి" అని మొదలుపెట్టాడు. నాకు తలనొప్పిగా ఉందని దుప్పటి కప్పుకుని పడుకున్నాను. కళ్లు మూసుకుని ఉన్నాను, నిద్ర రాలేదు. వాడు చప్పుడు కాకుండా నడిచాడు.

ఆగస్టు 23, శుక్రవారం

ఇక దాగుడుమూతలు వద్దు. నిర్ణయించుకున్నాను. గదిలో చెప్పను, సభలో చెబుతాను. ఏడుపు మంగళవారంది, తప్పు సోమవారంది. ఆ ఒక్క వాక్యం. నాలుగేళ్లు నేను చేసిన పని అది. పోస్టు నాది. ఇందులో తప్పేమీ లేదు. తప్పని నాకు అనిపించడం లేదు. నా సిద్ధాంతం ప్రకారం, అనిపించడం లేదంటే తెలియనట్టే.

దీన్ని మళ్లీ చదివాను. కొట్టేద్దామనుకున్నాను. ఉండనిస్తున్నాను.

ఆగస్టు 24, శనివారం

ఏం జరిగిందో జరిగినట్టు రాస్తాను.

పొద్దున్నుంచి వాన. అయినా సెమినార్ గది నిండిపోయింది. సామేలు తెల్ల చొక్కా వేసుకున్నాడు, లింగమ్మత్త ఇస్త్రీ చేసి ఇచ్చిందట. చాలా నెమ్మదిగా, తడబడకుండా చదివాడు. పెద్దాయన కళ్లు మూసుకుని విన్నారు. విశాలాక్షి ముందు వరసలో ఉంది.

నేను లేచాను. ముందు వాడి మాట వాడికి చెప్పాలి. చెప్పాను. మేనమామ, ఒట్టు, కల్లు, ఏడుపు, ఏడుపే సాక్ష్యం. ఒక్క ముక్క తగ్గించలేదు, పెంచలేదు. చెప్పి వాడి వైపు తిరిగాను. ఇక వాడు "ఔను" అనాలి, నేను ఆ వాక్యం అనాలి.

వాడు అనలేదు.

"ఏమయ్యా, అతను చెప్పింది నీ మాట కాదా?" అన్నారు సారు.

"నా మాటే సార్. నేను జెప్పినట్టే చెప్పిండు. గని అన్న నోట ఇంటుంటే ఏదో తక్కువున్నదనిపిస్తున్నది. ఏందో నాకు అందుతలేదు. ఔననలేకపోతున్న."

పెద్దాయన కళ్లు తెరిచారు. సారు నా వైపు చూశారు. "పద్ధతి తెలుసు కదా, బుచ్చిరాములూ. తక్కువున్నచోట ముందు నువ్వు పూరించాలి. కాదనడం ఆ తర్వాత."

అంతకంటే మంచి అవకాశం ఎవడికీ రాదు. ఆ తక్కువ ఏమిటో చెబితే చాలు, వాడే ఒప్పుకునేవాడు. నోరు తెరిచి, "ఏడుపు మంగళవారంది" అన్నాను. ఆ తర్వాతి మాట నేను అనుకున్నది కాదు.

"ఏడుపు మంగళవారంది. దాన్ని వదిలేద్దాం. సోమవారం సంగతి చూద్దాం. ఆ మనిషి కల్లు దుకాణానికి ఏ దారిన వెళ్లాడు? రోజూ నడిచే దారిన కాదు. బురద ఎక్కువున్నా సరే, చుట్టుదారిన వెళ్లాడు. ఎవరైనా ఎదురైతే వాళ్లు అడగకముందే, చిన్న పని ఉండె అన్నాడు. ఇంటికొచ్చి కూరలో ఉప్పు ఎక్కువైందని భార్యతో గొడవ పెట్టుకున్నాడు, ఎందుకంటే ఆమె ఎదురుగా ప్రశాంతంగా కూర్చోలేడు. ఆమె మాట్లాడబోతే తలనొప్పని దుప్పటి కప్పుకున్నాడు. ఇవన్నీ పశ్చాత్తాపం కాదు. అది తర్వాత వస్తుంది. దాచుకోవడం తప్పుతో పాటే జరుగుతుంది, అదే రోజు, అదే అడుగులో. తెలియనివాడు దేన్ని దాస్తాడు? కాబట్టి అతనికి తెలుసు. చేస్తున్నప్పుడే తెలుసు."



సామేలు నన్ను చాలాసేపు చూశాడు. అంతసేపు ఎందుకో నాకు అర్థం కాలేదు. తర్వాత, "ఔను. ఇదే నా మాట" అన్నాడు.

"ఇక నీ ఆక్షేపణ చెప్పు" అన్నారు సారు.

"ఆక్షేపణ లేదు సార్" అన్నాను. నిజంగానే లేదు. నా నాలుగేళ్ల థీసిస్ నేనే పడగొట్టి కూర్చున్నాను.

ఎందుకు చేశాను? మంచితనం అని రాయడానికి చెయ్యి రావడం లేదు. వాడు "తక్కువున్నది" అన్నాడు, నేను చెప్పినదాంట్లో తక్కువున్నదని నలుగురి ముందు అన్నాడు. పోయిన శనివారం వాడు నా మాట చెప్పినదానికంటే నేను వాడి మాట బాగా చెప్పాలి, అంతే తోచింది. వారం రోజులు కష్టపడి చెడ్డపనికి సిద్ధమై, చివరి నిమిషంలో దానికి కూడా నిలబడలేకపోయాను. సిగరెట్లు మానలేను, మోసమూ చేయలేను.

సాయంత్రం సారు వరండాలో నా రెండు చేతులూ పట్టుకున్నారు. పోస్టు సామేలుకే అని చెప్పారు. "కాని ఇవాళ గెలిచింది నువ్వయ్యా. నీ సిద్ధాంతం పోయినా సరేనని ఎదుటివాణ్ని నిలబెట్టావు. మంచి తెలిసినవాడు మంచే చేస్తాడని నీ పత్రంలో రాశావు చూడు, అది నువ్వే చేసి చూపించావు" అన్నారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను తల వంచుకుని ఆ మెప్పు పుచ్చుకున్నాను. బాగుంది కూడా.

ఆగస్టు 25, ఆదివారం

పొద్దున్న సామేలు చర్చికి వెళ్లివచ్చాడు. గొడుగు మూలన పెట్టి, గడప మీద కూర్చుని చెప్పులు విప్పుతూ, నా వైపు చూడకుండానే అన్నాడు.

"అన్నా, మా రాజన్న మామ చుట్టు తిరిగి పోయెటోడు గాదు."

నేను సిగరెట్ వెలిగించాను.

"ఊరు నడుమ నుంచి, చర్చి ముందల నుంచే పోయెటోడు. పాస్టర్ ఎదురైతే దండం పెట్టి మరీ పోయెటోడు. ఎన్నడు ఏం దాయలె. మా అత్తతోని ఉప్పు గురించి కొట్లాట గూడ పెట్టుకోలె."

"అది ఉదాహరణ సామేలూ. ఎవరిదైనా అయితది."

"ఎవరిదో నాకు ఎరుకైంది."

"ఎప్పుడు?"

"నువ్వు జెప్తుంటెనే. ఉప్పు కాడికొచ్చినంక."

వాడికి కోపం రాలేదు. వస్తే బాగుండేది, నేనూ నాలుగు మాటలు అనేవాణ్ని. నాకే ఉక్రోషం వచ్చింది.

"ఎరుకైతే మరి ఔనని ఎందుకన్నవ్? మీ మామ సంగతి గట్ల లేనప్పుడు అది నీ మాట ఎట్లయితది? సారు ముందల, పెద్దాయన ముందల, ఇదే నా మాట అని ఎందుకన్నవ్?"

వాడు రెండో చెప్పు కూడా విప్పి, రెండూ గోడ పక్కన పెట్టాడు.

"నాకు కొలువు గావాలె అన్నా. నా మాట గాదని తెలిసే అన్న. తప్పని తెలిసే అన్న."

అని లోపలికి వచ్చి స్టవ్ వెలిగించి, చాయ్ తాగుతవా అని అడిగాడు.

ఎంత తేలిగ్గా అనేశాడు. నెల రోజుల నుంచి ఈ పుస్తకం నిండా రాస్తున్నాను, ఆ రెండు మాటలు నా గురించి నేను ఒక్కచోట కూడా రాయలేకపోయాను. పోస్టు పోయినందుకు కాదు. అలా అనగలిగినందుకు, ఇవాళ వాణ్ని చూస్తే నాకు ఎన్నడూ లేనంత అసూయగా ఉంది.